ఆవిడ ఊ అంటే

"ఎక్కు, కాలేజీ దగ్గర దింపేస్తాను," అన్నాడు బైకు మీది స్నేహితుడు.

"నువ్వెళ్ళు. నేను నడిచొస్తా," అన్నాడు పచ్చకోటు అబ్బాయి.

బడి గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్న ఆయమ్మకి ఒళ్ళు మండింది. పైన మబ్బు కమ్ముకొస్తోంది. కాలేజీ చూస్తే ఊరవతల. పిలిచి ఎక్కించుకుంటానంటే ఈ బెట్టేమిటి?

"బండెక్కితే అరిగిపోతావా నాయనా?"

"నడక అలవాటైపోయిందమ్మా," అని అతను కోటు విప్పి మడిచి చంకలో పెట్టుకున్నాడు.

ఆయమ్మ ఈ బడిలో చేరింది ఈ ఏడాదే. ఆమె చేరిన వారంలోనే కాలేజీ పిల్లలు కొందరు సమాజసేవ అంటూ పచ్చకోట్లు తొడుక్కుని వచ్చారు. బడిపిల్లల్ని రోడ్డు దాటించడం వాళ్ళ పని. మిగతావాళ్ళు నాలుగు రోజులు ఫొటోలు దిగి, సర్టిఫికెట్లు పుచ్చుకుని చక్కా పోయారు. ఇతనొక్కడే మిగిలాడు.

మొదట్లో అతని వాలకం చూసి ఆయమ్మ పెదవి విరిచింది. ఎక్కడ బ్రేకు కీచుమన్నా చేతులు వణికేవి. పిల్లలే అతన్ని పట్టుకుని దాటించేవారు. వీడు సేవ చేసినట్టే, మనం చూసినట్టే అనుకుంది. కానీ అతను మానలేదు. జ్వరమొచ్చినా వచ్చాడు. ఇప్పుడు అరచెయ్యి ఎత్తితే లారీ అయినా ఆగాల్సిందే. "చెయ్యి పట్టుకుంటే జారిపోతుందమ్మా, మణికట్టు పట్టుకోవాలి," అని ఆయమ్మకే పాఠం చెప్పాడు.

ఆ సేవకి ఈ సాయంత్రంతో గడువు తీరిపోతుంది. చదువు అయ్యేదాకా ఇక్కడే చేస్తానని అతను పెద్ద టీచరమ్మని అడిగాడు. ఆవిడ ఏమందంటే, "నాదేముంది బాబూ, టైలరమ్మ ఊ అనాలి," అంది. అతను కూడా తల వంచుకుని, "ఆవిడ కాదంటే మానేస్తానండి," అన్నాడు.

ఇదెక్కడి న్యాయమో ఆయమ్మకి అంతుపట్టలేదు. బడిపిల్లల బట్టలన్నీ కుట్టేది టైలరమ్మే కాబట్టి పెద్ద టీచరమ్మ మొహమాటపడుతోందని తేల్చుకుంది. పొమ్మనలేక పొగపెట్టడం కాకపోతే ఏమిటిది? ఆ టైలరమ్మ ఊ అనే రకమా? అందరూ పిల్లల్ని ఇతనికి అప్పగించి నిశ్చింతగా పోతుంటే, ఆవిడ మాత్రం కూతుర్ని రెక్కపట్టుకుని, మూల మీది సిగ్నలు దాకా నడిచి, అక్కడ దాటి, మళ్ళీ వెనక్కి నడిచి ఇంటికి పోతుంది. తన పిల్లే బంగారం, మిగతావాళ్ళవి గులకరాళ్ళు. ఆవిడ ఎదురుపడితే చాలు, పాపం ఆ అబ్బాయి తల నేలకేస్తాడు.

రేపటినుంచి ఈ లారీల మధ్య ఇంతమంది పిల్లల్ని ఎవరు దాటిస్తారు? తన మోకాళ్ళు చూస్తే స్టూలు మీంచి లేవడానికే మొరాయిస్తున్నాయి. ఆ బెంగతో ఆయమ్మకి మధ్యాహ్నం అన్నం కూడా సయించలేదు.

సాయంత్రం బడి వదిలాక టైలరమ్మ వచ్చింది. కూతురి వీపున సంచి మోకాళ్ళ వెనక్కి కొట్టుకుంటోంది. ఆయమ్మ ఉండబట్టలేకపోయింది.

"ఊరందరికీ కొలతలు తీస్తావు, నీ పిల్లకి సరిపడే సంచి దొరకలేదా?"

"అన్నయ్యది," అంది పిల్ల, పట్టీలు బిగించుకుంటూ.

"మరి ఆ అన్నయ్యనే తీసుకెళ్ళమనొచ్చుగా. అమ్మకి ఈ చుట్టు తిరుగుడు తప్పుతుంది."

పిల్ల తలెత్తి తల్లి మొహంలోకి చూసింది. టైలరమ్మ కూతురి రిబ్బను సరిచేసింది. అది సరిగ్గానే ఉంది.

"పోనీ పిల్లని ఆ అబ్బాయికి అప్పగించమ్మా," అని ఆయమ్మ గొంతు తగ్గించింది. "నీ నోటి మాట కోసం పొద్దున్నుంచి మొహం పీక్కుపోయి తిరుగుతున్నాడు. అంత మంచిపిల్లాడు వెతికినా దొరకడు. నేను రోజూ చూస్తున్నా కాబట్టి చెప్తున్నా."

"నేనూ చూస్తూనే ఉన్నాను," అంది టైలరమ్మ. "మా మిషను కిటికీ దగ్గరే. ఈ రోడ్డంతా కనిపిస్తుంది."

"చూస్తూ కూడానా?"

చినుకులు మొదలయ్యాయి. పిల్లలందరూ దాటేశారు. రోడ్డు అంచున ఆ అబ్బాయి ఇక సెలవన్నట్టు కోటు బొత్తాలు విప్పుతున్నాడు. టైలరమ్మ కూతుర్ని తీసుకుని తిన్నగా అతని దగ్గరికి నడిచింది.

"విప్పకు," అంది. "దాటించు."

అతను విప్పిన బొత్తాలు మళ్ళీ పెట్టుకోబోయాడు. మొదటి రోజుల్లోలాగే చేతులు వణికాయి.

"మణికట్టు పట్టుకోవాలి," అని పిల్లే చెయ్యి చాపింది.

అతను పట్టుకున్నాడు. రెండో అరచెయ్యి ఎత్తాడు. బండ్లు ఆగాయి. పిల్ల పక్కన అడుగులో అడుగేస్తూ దాటించాడు. అవతలికి చేరాక మోకాళ్ళ మీద కూలబడి మొహం కప్పుకుని ఏడ్చాడు. పిల్ల తన రుమాలు తీసి ఇచ్చింది. పని నిలిచినందుకే ఇంత సంబరమా అని ఆయమ్మ కళ్ళు కూడా చెమర్చాయి.

టైలరమ్మ తను దాటకుండా ఇవతలే ఉండిపోయి, గేటు కమ్మీలు పట్టుకుని నిలబడింది. పిల్ల అవతలికి చేరినా పట్టు వదల్లేదు.

"చూశావా? ఇంతోటిదానికి ఇన్నాళ్ళు బిగదీసుకున్నావు," అంది ఆయమ్మ. "అంతగా నీకేం చేశాడమ్మా?"

టైలరమ్మ అవతలి వైపు నుంచి చూపు తిప్పలేదు.

"మా పెద్దాడు పోయింది ఆ అబ్బాయి బండి కిందే."