మాటల్లేని పాటకు వ్యాఖ్యానం

"ఇప్పుడు చూడు, గిటారు మెల్లగా లేస్తుంది," అన్నాడు భర్త, పాట ఆపి.

సోఫా అంచున కూర్చున్న భార్య తలూపింది. పొద్దుట్నుంచీ ఆఫీసులో కస్టమర్ల ఫిర్యాదులు ఫోన్లో వినీ వినీ అప్పుడే ఇంటికొచ్చింది.

"దీన్ని పోస్ట్ రాక్ అంటారు. పాడేవాళ్లుండరు, మాటలుండవు. నిశ్శబ్దమే దీనికి ప్రాణం." ఆయన పాట పెట్టి, వెంటనే మళ్లీ ఆపాడు. "ఆ నిశ్శబ్దం గమనించావా?"

"మీరు ఆగితే గమనిస్తానండీ."

ఆయన ఆగలేదు. పాట మళ్లీ పెట్టి, ఆ బ్యాండు పుట్టుపూర్వోత్తరాలు ఎత్తుకున్నాడు. ఇంతలో ఫోన్ మోగింది. బాల్కనీలోకి వెళ్లి, ఈ సంగీతం ఎలా వినాలో అవతలి స్నేహితుడికి కూడా బోధించి వచ్చాడు.

వచ్చేసరికి భార్య స్పీకరు పక్కన నేలమీద కూర్చుని ఉంది. కళ్లు మూసుకుంది. చెంపలు తడిసి ఉన్నాయి.

"నచ్చిందా? ఇక్కడ డ్రమ్స్ ఎందుకొస్తాయంటే..."

ఆమె కళ్లు తెరవకుండానే చెయ్యి అడ్డం పెట్టింది.

"రోజంతా జనం నా చెవిలో అరుస్తూనే ఉంటారండీ. ఎవరూ నన్నేమీ అడగని చోటు ఇన్నాళ్లకి దొరికింది. మీరూ రండి. కానీ ఆ మాటలు గుమ్మం బయట వదిలేసి రండి."

నోటిదాకా వచ్చిన డ్రమ్స్ విశేషాన్ని మింగేసి, ఆయన ఆమె పక్కన కూర్చున్నాడు.

గిటార్ల హోరు వెనక ఎక్కడో సన్నగా పియానో వినిపించింది. తాను ఏళ్ల తరబడి అందరికీ వివరిస్తూ వచ్చిన ఈ పాటలో పియానో ఉందన్న సంగతి ఆయనకి అప్పుడే తెలిసింది.

ఆ మాట భార్యకి చెప్పబోయి, ఊరుకున్నాడు.