మాట వేరు

"అక్క గాజుల మీద చెయ్యి వేస్తే నేను ఊరుకోను," అంది తేజశ్రీ.

పర్చూరులో ఆ రోజు అంకమ్మరావు పెద్దకర్మ. ముందుగదిలో పీట మీద అతని భార్య రాజ్యం కూర్చుని ఉంది. శవాన్ని కొత్తపట్నం నుంచి తెచ్చినప్పటి నుంచీ ఆమె కంట తడి లేదు. పెడితే తింటోంది, పడుకోమంటే పడుకుంటోంది. మనిషి మొద్దుబారిపోయిందని అందరూ అనుకుంటున్నారు.

అంకమ్మరావు మేనత్త వెంకటరావమ్మ కొంగు బొడ్లో దోపుకుని, విధవకి గాజులేంటని అడిగింది. తేజశ్రీకి విధవ అన్న మాటే గిట్టలేదు. ఆమె రాజ్యానికి తోడికోడలు, గుంటూరులో కాలేజీ పిల్లలకి ఇంగ్లీషు చెబుతుంది. ఆ మాట వాడొద్దని, అంతగా అనాల్సొస్తే ఇంగ్లీషులో విడో అనమని కసిరింది.

రాజ్యం తలెత్తింది. ఇన్ని రోజుల్లో ఆమె తనంతట తాను నోరు విప్పడం అదే మొదటిసారి.

"రెండూ వేరువేరా, తేజా?"

తేజశ్రీ అబద్ధం చెప్పలేకపోయింది. వేరు కాదు, ఒకటేనంది. ఇంగ్లీషూ సంస్కృతమూ పుట్టకముందు ఎవరో వాడిన ఒకే పాత మాట, ఇటు విధవ అయింది, అటు విడో అయింది.

"ఆ పాత మాటకి అర్థం?"

"మొగుడు చచ్చిపోవడమని కాదక్కా. విడిపోవడమని."

రాజ్యం తన చేతుల వంక ఎవరివో చూసినట్టు చూసుకుంది. తర్వాత లేచింది. వెంకటరావమ్మ కూర్చోమంటున్నా ఆగకుండా పందిరి దాటి రోడ్డు మీదికి వెళ్ళింది. అవతల గోనె టిక్కీల్లో మిర్చి వేసుకున్న ట్రాక్టరు పక్కన ఒకామె కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. కాయ కోతలకొచ్చిన కూలీ అనుకుని ఎవరూ పట్టించుకోలేదు. రాజ్యం ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, తను లేచిన పీట మీదే కూర్చోబెట్టింది. ఆమె గోడకి తల ఆనించి భోరుమంది.

"ఎవరే ఈ మనిషి?" అంది వెంకటరావమ్మ.

"కొత్తపట్నంలో ఆయన కాపురం ఈమెతోనే. ఏడవనివ్వండి అత్తయ్యా," అంది రాజ్యం. "ఈమెని మొన్న విడిచిపోయాడు. నన్ను విడిచిపోయి చాలా ఏళ్ళయింది."