పదును

"బండి వెనక్కి తిప్పు జోయలూ," అంది వనజాక్షి.

"తిప్పద్దు. నేరుగా పోనీ," అన్నాడు ఆమె మొగుడు దివాకర్.

డ్రైవరు జోయల్ ఇద్దరినీ అద్దంలో చూసి, మొగుడూ పెళ్ళాల మధ్య మనకెందుకులే అనుకొని బండిని రోడ్డు పక్కకు తీసి ఆపేశాడు. గోరంట్ల దాటి ఎంతో దూరం రాలేదు.

అది మామూలు బండి కాదు. లోపలే మంచాలు, పొయ్యి గట్టు, నీళ్ళ ట్యాంకు, ఆఖరికి మరుగుదొడ్డి కూడా ఉన్న చక్రాల ఇల్లు. బెంగళూరు దగ్గర నీళ్ళ పార్కు పక్కన దాన్ని నిలబెట్టుకొని, రెండు రోజులు అందులోనే వండుకొని, పడుకొని, పాప ఆడుకున్నంత సేపు ఆడించి రావాలని ప్రయాణం. కూతురు లహరి ఫోన్లో ఇలాంటి బండిని చూసినప్పటి నుంచి తండ్రి ప్రాణం తోడేస్తోంది. స్నేహితుడిది, ఊరికే ఇచ్చాడని చెప్పి నిన్న దివాకర్ దీన్ని తెచ్చి వాకిట్లో నిలబెడితే, వనజాక్షి నమ్మలేక దాని చుట్టూ తిరిగి తిరిగి చూసింది.

ఇప్పుడేమో కదిరి పక్కన వాళ్ళ ఊళ్ళో వాన పడింది. ఆషాఢమంతా ఎండగొట్టి, ఇంక ఈ ఏడూ అంతేలే అని అందరూ ఆశ వదులుకున్నాక పడింది. పక్కింటి బయమ్మ ఇప్పుడే ఫోన్ చేసి చెప్పింది.

"చేన్లో కాలు పెడితే దిగబడతాందంట," అంది వనజాక్షి. "విత్తేకి మంచి పదునంట. రేపు, ఎల్లుండి లోపల విత్తనం పడాల. అంగళ్ళలో గింజ దొరకడంల్యా, ఇంట్లో విత్తనం ఉన్నోళ్ళదే అదృష్టం అంటాండాది బయమ్మ."

"మళ్ళా పడతాదిలే వాన. యాడికి పోతాది?"

వనజాక్షి నివ్వెరపోయింది. ఇది దివాకర్ అనే మాటేనా? నాలుగు చినుకులు రాలితే అన్నం ముందు నుంచి లేచిపోయి విత్తే గొర్రు సరిచూసుకునే మనిషి. వరసగా ప్రతి ఏడూ చెనక్కాయ చేను కళ్ళముందే ఎండిపోతుంటే గట్టు మీద కూర్చొని ఏడ్చిన మనిషి. పార్కు కోసం పదును వదులుకుంటాడా?

"పాపకు మాటిచ్చినా," అన్నాడు దివాకర్, ఆమె మొహం చూడకుండా. "మాట తప్పేది ల్యా."

కొత్త ఈత బట్టలు ఒళ్ళో పెట్టుకొని ఇదంతా వింటున్న లహరి, వాటిని మెల్లగా మడిచి సంచిలో పెట్టేసింది.

"నాయనా, నీళ్ళు మనూర్లోనే పడినాయి కదా," అంది. "ఇంటికే పోదాం. పార్కుకు ఇంకోసారి పోవచ్చు."

వనజాక్షికి కూతుర్ని చూసి కడుపు నిండిపోయింది. "చూడు, ఈ పిల్లకు తెలిసినంత కూడా నీకు తెలీకపాయె."

దివాకర్ కూతురి తల మీద చెయ్యి వేశాడు. ఇంక ఇతన్ని అడిగి లాభం లేదని వనజాక్షి ఫోన్ తీసింది.

"బయమ్మా, సాయంత్రానికంతా వచ్చేస్తాండాం. అంతలోపల నలుగుర్ని పిలుచుకొని విత్తనక్కాయలు వొలిపిస్తాండు. మా ఇంటి తాళంచెవి నీ దగ్గరే ఉండాది కదా. మూటలుండే లోపలి గది తాళంచెవి ఈయప్ప దగ్గర ఉండాది. రాయి తీసుకొని పగలగొట్టు, ఏం కాదు."

"వద్దు," అని దివాకర్ ఒక్కసారిగా లేచాడు. బండి కప్పు తలకు తగిలింది. "ఆ గది తెరవద్దను. ఎలకల మందు పెట్టినా."

"పది దినాలుగా అదే మాట. ఆ ఎలకలు ఇంకా బతికే ఉండాయా? నువ్వు కొట్టు బయమ్మా."

ఆ విత్తనం మూటలంటే వాళ్ళింట్లో దేవుడి గూటితో సమానం. ఒక్కపూట సంగటితో సరిపెట్టుకున్న రోజుల్లో కూడా వాటి మీద చెయ్యి వెయ్యలేదు. ఒకసారి లహరి గుప్పెడు కాయలు తీసుకుంటే దివాకరే చేతి మీద కొట్టాడు. తర్వాత ఆ పిల్లను ఎత్తుకొని రాత్రిదాకా దించలేదు.

ఫోన్లో రాయి దెబ్బలు వినిపించాయి. తలుపు కిర్రుమంది.

"వనజక్కా, ఈడ మూటలు లేవే."

"సరిగ్గా చూడు. గోడ పక్కన, బల్ల మీద."

"యాడా లేవక్కా. ఖాళీ గోతాం ఒకటి ఉండాది, అంతే."

వనజాక్షి పొయ్యి గట్టు పట్టుకొని నిలబడింది.

"దొంగలు పడినారు," అంది. "వేసిన తాళం వేసినట్టే ఉండాదంటే బాగా తెలిసినోడే. మా నోటికాడి కూడు ఎత్తుకపోయినాడే, వాని చేతులు పడిపోను. వాని ఇల్లు గుల్లయిపోను. అట్ల చూస్తావేమప్పా, పోలీసులకు ఫోన్ చెయ్యి."

లహరి ఏడుపు మొదలుపెట్టింది. ముందు అద్దం మీద చినుకులు పడుతున్నాయి. జోయల్ బండిని ఊరి వైపు తిప్పాడు.

దివాకర్ మంచం అంచు మీద కూలబడ్డాడు.

"ఇంక తిట్టద్దు వనజా," అన్నాడు. "ఈ ఏడూ మన్నులో పోసి ఎండగొట్టుకునేదానికంటే పాపన్నా ఒకసారి నీళ్ళలో ఆడుకోనీలే అనుకొని, ఆ మూటలు అమ్మేసే ఈ బండి బాడుగకు తెచ్చినా."