ఆయుష్షు తక్కువ కుక్క

"ఈ రెండింట్లో ఏది ముందు చచ్చిపోతుంది?" అని అడిగింది మరివిక్.

కుక్కపిల్లకు సీసాతో పాలు పడుతున్న పురా చెయ్యి ఆగిపోయింది. ఆమె మరికినా ఊళ్లో ఇరవై ఏళ్లుగా కుక్కపిల్లల్ని పెంచి అమ్ముతోంది. ఊరంతా ఆమెను ఆతె పురా అంటారు, అంటే పురా అక్క అని. ఎక్కువ కాలం బతికేది ఏదని అడిగేవాళ్లే గానీ, ఇలా అడిగిన మనిషి ఇంతవరకూ ఆమె గడప తొక్కలేదు.

మరివిక్ మొగుడు కార్లిటో ఇబ్బందిగా నవ్వాడు. "ఏమీ అనుకోకండి ఆతె. ఆస్పత్రి చుట్టూ తిరిగి తిరిగి ఏం మాట్లాడుతోందో దీనికే తెలియట్లేదు. ఏది ఆరోగ్యంగా ఉంటుంది, దేనికి ఖర్చు తక్కువ, అదీ అడగాలనుకున్నది."

"నేను అడగాలనుకున్నదే అడిగాను," అంది మరివిక్.

గచ్చు మీద రెండు పిల్లలున్నాయి. ఒకటి బుల్‌డాగ్, మొహమంతా మడతలు. నాలుగడుగులు వేస్తే చాలు, ఆయాసపడుతోంది. రెండోది బీగిల్. అప్పటికే కార్లిటో బూటు లేసు సగం నమిలేసింది.

పురా అబద్ధమాడి అమ్మే రకం కాదు. ఉన్నదున్నట్టు చెప్పింది. "బుల్‌డాగ్ ఎనిమిదేళ్లు బతికితే గొప్ప. ముక్కు చప్పిడి కదా, ఊపిరాడదు. మన ఎండలకి ఏసీ లేకపోతే కళ్లు తేలేస్తుంది. ఆ మడతలు రోజూ తుడవాలి, లేదంటే పుళ్లు పడతాయి. తుంటి నొప్పులు వేరే. కొన్న డబ్బుకి మూడింతలు డాక్టరుకి పోస్తారు. బీగిల్‌కి అవేం లేవు. చెవులు శుభ్రంగా ఉంచి, ఒళ్లు రాకుండా చూసుకుంటే పద్నాలుగేళ్లు గంతులేస్తుంది."

"ఇంకేం, బీగిలే ఇవ్వండి," అన్నాడు కార్లిటో. "మైమై ఇంటికొచ్చాక దానికి తోడుంటుంది."

"బుల్‌డాగే ఇవ్వండి," అంది మరివిక్.

"మతి పోయిందా నీకు? మన ముగ్గురికీ కలిపి ఒక్క ఫ్యాను. దీనికి ఏసీనా?"

"పెడదాం."

"ఎనిమిదేళ్లు డాక్టర్లకి పోసుకుంటూ కూర్చుంటావా?"

"ఎనిమిదేళ్లు ఎవరు పెంచమన్నారు? గురువారం దాకా ఉంటే చాలు."

గురువారం వాళ్ల ఆరేళ్ల కూతురు మైమైకి గుండె ఆపరేషన్. బతికే ఆశ సగమేనని డాక్టర్లు చెప్పేశారు.

"మన వీధిలో రోసెల్ కుక్క పొద్దున చచ్చింది. ఆ మధ్యాహ్నమే రోసెల్ ఎక్కిన జీప్నీ బండి బోల్తా పడింది. పదకొండు మంది ఆస్పత్రి పాలయ్యారు, రోసెల్‌కి చిన్న గీత కూడా పడలేదు. దాని గండం కుక్క తీసుకుపోయిందని అందరూ అన్నారు. నువ్వూ అన్నావు కార్లిటో. మరి నా బిడ్డ గండం తీసుకోవడానికి ఎవరున్నారు? పద్నాలుగేళ్లు బతికే కుక్క ఎందుకు తీసుకుంటుంది?"

ఆస్పత్రిలో కూతురి ముందు ఒక్క చుక్క రాల్చని మనిషి, ఇక్కడ కుక్కల మధ్య గచ్చు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

మావైపు ఈ నమ్మకం లేని ఇల్లు లేదు. చదువుకున్నవాళ్లు పైకి నవ్వుతారు గానీ, పెంచిన కుక్క పోతే వాళ్లూ రెండు రోజులు ప్రయాణాలు మానుకుంటారు. కార్లిటో వంగి బుల్‌డాగ్ పిల్లను ఎత్తుకుని, దాని గురక కాసేపు విన్నాడు. ఇందాకటి దాకా ఫ్యాను గురించి మాట్లాడిన మనిషి, మందుల కోసం దాచిన కవరు జేబులోంచి తీశాడు.

"ఇలాంటిది ఇంకోటి ఉందా ఆతె?" అన్నాడు మెల్లగా. "ఒకటి చాలకపోతే?"

"బుల్‌డాగ్ నేను అమ్మను," అంది పురా.

మరివిక్ తలెత్తింది. "మా పిల్ల కన్నా ఈ కుక్క ఎక్కువైపోయిందా మీకు?"

"కాదమ్మాయ్. ఈ బీగిల్‌ని తీసుకెళ్లు. ఒక్క పెసో కూడా ఇవ్వొద్దు. ఆస్పత్రి కిటికీ కింద నిలబెట్టి పిల్లకి చూపించు. నవ్వుతుంది."

"నవ్వడానికి కాదు, బతకడానికి అడుగుతున్నాను. ఇది గండం తీసుకోదు."

"అదీ తీసుకోదు."

"రోజంతా కుక్కల్ని సాకుతూ కూర్చునే మీకేం తెలుసు తల్లి బాధ?"

కార్లిటో ఆమె భుజం పట్టి ఆపబోయాడు. పురాకు కోపం రాలేదు. బీగిల్ పిల్లను తీసుకొచ్చి మరివిక్ ఒళ్లో పెట్టి, ఆమె పక్కనే గచ్చు మీద కూర్చుంది.

"మా అబ్బాయి ఆండోయ్‌ని ఏడో ఏట ఆస్పత్రిలో చేర్చినప్పుడు, నేనూ ఊళ్లోకల్లా రోగిష్టి బుల్‌డాగ్‌నే వెతికి తెచ్చుకున్నాను," అంది.

"మరి?"

"వాడు పోయాక అది పదమూడేళ్లు బతికింది."