చెప్పని ఒత్తు

“అక్కలో ఒత్తు చెప్పారు, పిల్లలో ఒత్తు చెప్పారు. నా పేరులో ఒత్తు మాత్రం ఎప్పుడడిగినా రేపంటారేంటండి పంతులమ్మగారూ?”

గంగరత్నం అలా నిలదీసేసరికి సీతారావమ్మ చేతిలో సుద్దముక్క పుటుక్కున విరిగింది.

రేపల్లెకి అవతల, సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఆ పల్లెలో తాటాకు పాకే బడి. మధ్యాహ్నం పిల్లలు ఇళ్లకు పోయాక, చేపల గంప దించి, చేతులు కడుక్కుని, నిండు నెలల పొట్టతో గంగరత్నం వచ్చేది. వచ్చి నల్లబల్ల పక్కనే చతికిలబడేది. చదువుతున్నంతసేపూ ఆ బల్ల అంచు తడుముతూ కూర్చోవడం ఆమెకి అలవాటు.

“ర ఒత్తు దగ్గర ఇంకా తడబడుతున్నావు. అది గట్టిపడనీ అమ్మాయ్.”

“ఎక్కడ తడబడ్డానండి? ‘చక్రం’ గడగడా చదివానుగా! విడివిడిగా కాదు, క, ర కలిపి ఒక్కసారే పలకాలని మీరేగా చెప్పింది.”

నిజమే. చదువు ఆమెకి ఇట్టే పట్టుబడుతోంది. అదే సీతారావమ్మకి గుండెల మీద కుంపటైంది.

ఎందుకంటే అది మామూలు నల్లబల్ల కాదు. అరవై తొమ్మిది తుఫానులో వేటకెళ్లి తిరిగిరాని సింగరయ్య పడవ ముందు చెక్క. సింగరయ్య ఎవరో కాదు, గంగరత్నం మొగుడే. ఆ చెక్క బాపట్ల వైపు ఒడ్డున దొరికింది. మనిషిని పోగొట్టిన పడవ చెక్కను ఆ పల్లెలో పొయ్యిలో పెట్టరు, తిరిగి నీళ్లలోకీ తొయ్యరు. అందుకని కులపెద్ద బ్రహ్మానందం దానికి మసి పూయించి బడికిచ్చాడు.

“గంగరత్నానికి చదువు రాదు, భయంలేదు. పురుడయ్యేదాకా ఆ పిల్ల బొట్టు ఉండనియ్యండమ్మా. ఇప్పుడు తెలిస్తే కడుపులో బిడ్డ కూడా దక్కదు” అని పంతులమ్మ దగ్గర మాట తీసుకున్నాడు. పట్టుమని వారం తిరక్కుండా గంగరత్నం చదువుకుంటానని వచ్చి కూర్చుంది! కాదంటే అనుమానం. తెనాలి నుంచి ఉద్యోగానికొచ్చిన ఒంటరి మనిషి, ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? అన్నీ చెప్పింది, ఆ ఒక్క ఒత్తు తప్ప.

పాడు మసి! పూతమీద పూత పూసినా పడవ మీద రాయించిన తెల్లరంగు అక్షరాలు చావలేదు. తడి తగిలితే చాలు, నలుపు కిందనుంచి పైకి తేలేవి. ఆరగానే మునిగిపోయేవి. సీతారావమ్మ పొడిగుడ్డతో తప్ప బల్ల తుడిచేది కాదు. అయినా ఒక్కతే ఉన్నప్పుడు ఆ బల్లకి వీపు చూపించాలంటే ఆవిడకి ఒళ్లు జలదరించేది.

గంగరత్నమేమో రోజూ పొద్దువాలే వేళకి అన్నం గిన్నె పట్టుకుని ఒడ్డుకి పోయేది. మొగుడు ఆకలితో వస్తాడని పిచ్చి ఆశ కాబోలు, పాపం!

అంతలో వాన దబదబా కొట్టింది. తాటాకుల సందుల్లోంచి నీళ్లు సరిగ్గా బల్ల మీదకే ధారకట్టాయి. సీతారావమ్మ ఒక్క ఉదుటున వెళ్లి బల్లకి అడ్డంగా నిలబడింది.

“ఇవాళ్టికి చాలు. ఇంటికి పో.”

“ఇంత వానలోనా?” గంగరత్నం నేలకి చెయ్యి ఆనించి మెల్లగా లేచింది. “పక్కకి జరగండి.”

“ఇక్కడేం లేదు!”

“జరగండి పంతులమ్మగారూ. మీకు పుణ్యముంటుంది.”

ఆ గొంతులో ఏముందో గానీ, సీతారావమ్మ జరిగింది. బల్ల మీద తెల్లగా, బారెడు పొడుగున అక్షరాలు తేలి ఉన్నాయి. గంగరత్నం వేలు పెట్టి కూడబలుక్కుంది.

“గ పక్కన సున్నా... గం. తర్వాత గ... ర...” వేలు ఆగిపోయింది. “త కింద ఏదో ఉందండి. మీరు చెప్పనిది ఇదేనా?”

సీతారావమ్మకి ఇచ్చిన మాట గుర్తొచ్చింది. ఎదురుగా ఆ పొట్ట కనిపించింది. అబద్ధం చెబుదామనుకుంది.

“న ఒత్తు” అంది చివరికి. “త, న... రెండూ కలిపి పలకాలి.”

“త్న... త్నం. గంగరత్నం.”

మళ్లీ మొదటినుంచీ చదివింది. చదివి, బల్లకి చెంప ఆనించింది. సీతారావమ్మ గబుక్కున పొదివి పట్టుకుంది. ఏడుపు ఆవిడకే ముందొచ్చింది.

“సింగరయ్య పడవేనమ్మా. నీకు పురుడయ్యేదాకా చెప్పొద్దన్నారు. తప్పయిపోయింది తల్లీ!”

“ఆయన పోయాడని ఈ బల్ల చూసిన రోజే తెలుసండి. ఈ అంచుకి తారు పూసింది నేనే, నా చేతికి తెలీదా?” గంగరత్నం కళ్లు ఆ పేరు మీదనుంచి కదల్లేదు. “ఎవతి పేరు రాయించావని ఆ పొద్దున పోట్లాడాను. ‘నీ పేరేనే’ అని ఒట్టేశాడండి. నమ్మక, అన్నం పెట్టకుండా పంపేశాను.”