రెండో సంతకం

పిల్లల వార్డులో గుండె మందు ఎక్కించాలంటే ఇద్దరు నర్సులు మోతాదు చూసి చార్టులో సంతకాలు పెట్టాలి. హెడ్ సిస్టర్ పొద్దున డ్యూటీకి రాగానే రోజంతటి రెండో సంతకాలూ ఒక్క ఊపున గీకేసేది. ఆవిడ చార్టులో ఒక్క గడీ ఖాళీ ఉండదని పెద్ద డాక్టరు అందరి ముందూ మెచ్చుకునేవాడు.

మధ్యాహ్నం రెండింటికి కొత్త నర్సు సిరంజి పట్టుకొచ్చింది.

"సిస్టర్, ఈ బాబుకి నిన్న అడుగున కాస్తే వచ్చింది. ఇవాళ సిరంజి నిండిపోయిందండీ. ఒక్కసారి చూడరూ?"

"నా సంతకం ఉందిగా! ఇంకా చూసేదేంటి? ఇంత పిరికిదానివి ఈ ఉద్యోగానికెందుకొచ్చావమ్మా?"

కొత్త నర్సు తన సంతకమూ పెట్టి, మందు ఎక్కించింది.

బాబు నాలుగింటికి పోయాడు.

సాయంత్రం పెద్ద డాక్టరు చార్టు పంపమన్నాడు. తీసుకెళ్లబోతూ కొత్త నర్సు గుమ్మంలో ఆగిపోయింది.

"సిస్టర్... ఆరింటి మందు గడిలో కూడా మీ సంతకం ఉంది."

వార్డు చివర తల్లి ఇంకా బాబుని ఒళ్లోంచి దించలేదు. హెడ్ సిస్టర్ అటు ఒకసారి చూసి, చార్టు లాక్కుని, సంతకం పక్కనే ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది:

"మందు వెయ్యలేదు. తల్లి ఒప్పుకోలేదు."