మందలింపు కాగితం

"కొట్టలేదు పెద్దయ్యా, జర మందలించిన," అన్నాడు గుండయ్య, మొఘల్‌పురా కులపెద్ద ముందు చేతులు కట్టుకుని.

పక్కనే అతని భార్య సక్కుబాయి వాచిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నయాపూల్ మసాలా దుకాణంలో రోజూ రోకలితో మిరపకాయలు దంచే చెయ్యి అది. వారం నుంచి పనికి పోలేదు.

కులపెద్ద ఆ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన న్యాయం మహా సున్నితమైంది. ఎముక విరిగితేనే కొట్టడం. విరగలేదు గనక ఇది మందలింపే.

"మొగుడన్నంక మందలించడా? ఇంట్ల ముచ్చటకు లొల్లి ఎందుకమ్మా?" అంటూ రాజీ కాగితం అందుకున్నాడు. గుండయ్య భార్యను కట్టెతో మందలించాడనీ, అందులో తప్పేమీ లేదనీ రాశాడు.

సక్కుబాయి అంతా విన్నది.

"మంచిగున్నది పెద్దయ్యా. తప్పు కాని పనైతే నా పేరు గూడ రాయుండ్రి. ఈయన తాగొచ్చిననాడు నేను రోకలితోటి మందలిస్త. ఎముక ఇరగకుంట చూసుకుంట."

కూర్చున్నవాళ్ళు నవ్వారు. కులపెద్ద కూడా నవ్వుతూనే ఆ మాటా రాసి, వేలిముద్ర కోసం సిరా డబ్బా గుండయ్య ముందుకు జరిపాడు.

గుండయ్య వేలు ముంచలేదు. భార్య రెండో చేతివైపు చూశాడు.

"పెద్దయ్యా, ఆ ముక్క తీసెయ్యుండ్రి."

"ఎందుకురా, మందలింపే గద?"

"గట్లనే అంటం గని," గుండయ్య గొంతు తగ్గించాడు, "దెబ్బ మస్తు తాకుతది పెద్దయ్యా."